గుండుగాడి పెంటికలకి గ్రేడింగు

మీరు భోజనం చేస్తూ ఇది చదువుతున్నట్టయితే ముందు ఆ కంచమైనా పక్కన పెట్టండి, లేదా నా కథైనా పక్కన పెట్టండి. రెండూ కలిపి సాగే వ్యవహారం కాదు. ఒక కుందేలు పెంటికల్ని పట్టుకుని మా ఇంటిని, మా ఫ్యాక్టరీని, ఒక పశువుల ఆసుపత్రిని నాలుగు రోజులపాటు ఎలా హడలెత్తించానో, చివరికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎలా నిలబడ్డానో చెప్పబోతున్నాను. ఆరేళ్ళయింది. ఇప్పటికీ పలాసలో మా వీధి మొదట్లో ఎవరైనా నన్ను చూసి ఒక రకంగా నవ్వితే "ఆ సంగతేనా?" అని అడుగుతాను. "ఆ సంగతే" అంటారు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. నా తెలివితక్కువతనంలో సగం వాటా దానిదే. జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర కూర్చుంటాను. విరగని పప్పు గుండు, రెండుగా చీలింది బద్ద, ఆ తర్వాతది ముక్క, ఇక దేనికీ కాకుండా పోయింది నూక. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళు చూడాలి, వేళ్ళు ఏరాలి. నాకంటే ముందు అదే బల్ల దగ్గర మా అత్త అప్పలనర్సమ్మ ముప్పై ఏళ్ళు కూర్చుంది. మోకాళ్ళు పట్టేశాక మానేసింది, ఆ చోటు నాకొచ్చింది. ఆవిడ నాకు అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. అందుకని మా ఇద్దరి మధ్యా మర్యాద తక్కువ, మాట ఎక్కువ.

గ్రేడింగు చేసేవాళ్ళకి ఒక జబ్బుంటుందండీ. ఏది కనబడినా చెయ్యి దానంతట అదే ఏరేస్తుంది. పెళ్ళి భోజనంలో పులిహోర వడ్డిస్తే తినడం మానేసి పల్లీలు ఒక పక్క, పప్పు బద్దలు ఒక పక్క పెట్టుకుంటాం. పక్కనున్న పెద్దమనిషి మనకేదో మెదడు జబ్బనుకుని కొంచెం జరిగి కూర్చుంటాడు.

ఇక కుందేలు. మా అమ్మాయి హాసినికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మొదట ఒక తెల్ల కుందేలు ఉండేది, దాని పేరు మల్లి. ఒకరోజు పొద్దున చూస్తే పడిపోయి ఉంది. పశువుల ఆసుపత్రికి ఎత్తుకుపోయేసరికి డాక్టరమ్మ పెదవి విరిచింది. "కుందేలు తన జబ్బును దాచుకుంటుందమ్మా. అరవదు, మూలగదు. ముందుగా చెప్పేది దాని పెంటికలే. గుండ్రంగా, పెద్దగా, బోలెడు వేస్తుంటే పొట్ట బాగున్నట్టు. చిన్నవైపోయినా, తగ్గిపోయినా అనుమానించాలి. ఒక పూటంతా అసలు వేయలేదంటే నిలబడకుండా నా దగ్గరికి పరుగెత్తాలి. రెండ్రోజుల ముందు చూసుకుని ఉంటే ఇది బతికేదేమో" అంది.

ఆ మాట పిల్ల విన్నది. ఇంటికొచ్చి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "అమ్మా, నాను సూసుకోనేదు కదే, అందుకే సచ్చిపోనాది" అని ఒకటే మాట. తొమ్మిదేళ్ళ పిల్ల నోట ఆ మాట వినడం ఏ తల్లికీ వద్దు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తర్వాత నెలకి మా బావ (నా మొగుడే, మేనత్త కొడుకు కాబట్టి బావ) ఇంకో కుందేలుని తెచ్చాడు. బూడిద రంగు, బొద్దుగా ఉంది. మా ఇంట్లో అన్నిటికంటే మంచి రకం పేరే దానికి పెట్టారు: గుండుగాడు. ఇనప జాలీ పంజరం, కింద రేకు ట్రే. ఆ ట్రేలో పడ్డవి హాసిని రోజూ బడికెళ్ళే ముందు తెచ్చి నాకు చూపించేది. "అమ్మా, పెద్దయే ఉన్నాయి" అని చెప్పి పట్టుకుపోయేది. ఎక్కడికి పట్టుకుపోయేదో నేను ఏనాడూ అడగలేదు.

గుండుగాడు ఇంట్లో అడుగు పెట్టిన రోజునే మా అత్త వీధి అరుగు మీద నిలబడి నలుగురూ వినేలా చెప్పింది.

"ఇదిగో, ఇప్పుడే సెప్తన్నాను. దాన్ని మీరే పెంచుకోండి, దాని పెంట మీరే ఎత్తుకోండి. నాను సేత్తో ముట్టినానంటే నా పేరు అప్పలనర్సమ్మ కాదు!"

వీధంతా విన్నది. వీధి విన్న మాటను మా అత్త వెనక్కి తీసుకోవడం నేను ఇంతవరకూ చూడలేదు.

ఎండాకాలం సెలవులొచ్చాయి. భావనపాడులో మా అక్కకి కిరాణా కొట్టుంది. హాసిని అక్కడికి పది రోజులు వెళ్తానంది. బస్సెక్కబోతూ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, రోజూ సూస్తావు కదా?"

"సూస్తానే."

"మరిసిపోవు కదా?"

"ఏటే, మీయమ్మ గ్రేడింగు సేస్తాది. దాని కంటే పెద్ద కన్ను ఈ ఊర్లో ఇంకెవులికున్నాది?" అన్నాను.

అదిగో, ఆ గీరే కొంప ముంచింది.

మొదటి ఆరు రోజులూ హాయిగా గడిచాయి. నిజం చెప్పాలంటే ఆ ఆరు రోజులూ నేను సరిగ్గా చూడనే లేదు. ఫ్యాక్టరీలో ఆర్డరు ఒత్తిడి. ట్రేలో ఏవో ఉన్నాయా, ఉన్నాయి, పారబోసేయడమే. ఏడో రోజు ఆదివారం. తీరిగ్గా ట్రే బయటికి లాగి వెలుతుర్లో చూశాను.

పెద్దవి ఒక్కటీ లేవు. అన్నీ చిన్నవి. పప్పు బల్ల మీద ఇలాంటి లాటు వస్తే సూపర్వైజరు తిరగ్గొట్టేస్తాడు. వెంటనే స్టీలు పళ్ళెం తెచ్చాను, తడిమి తడిమి ఏరాను. గుండ్లు సున్నా. మధ్యరకం నాలుగు. మిగతాదంతా నూక.

"బావా!" అని పెట్టిన కేకకి మా బావ ఆటో కడుగుతున్నవాడు గొట్టం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటైనాది?"

"గుండుగాడికి ఏటి పెట్టినావు?"

"గడ్డే పెట్టినాను."

"నా కళ్ళలోకి సూసి సెప్పు."

మా బావ గుండుగాడి కళ్ళలోకి చూశాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన నాకేసి చూడలేడు.

"ఒక్క జంతిక ముక్క. మొన్న. ఆడే అడిగినాడు."

"కుందేలు అడిగినాదా?"

"అలగే సూసినాడు."

ఇక మీరు ఊహించుకోండి. ఆ జంతిక ముక్క మీద నేను ఆ పూటంతా పంచాయతీ పెట్టాను. ఎంత పొడుగు, ఏ నూనె, పూర్తిగా మింగాడా, సగం ఉమ్మాడా. పాపం మా బావ వేలు చూపించి గోరంత అన్నాడు, నేను మూరెడు అని రాసుకున్నాను. అవును, రాసుకున్నాను. హాసిని పాత నోటు పుస్తకంలో గళ్ళు గీసి తేదీ, గుండు, బద్ద, ముక్క, నూక అని నింపడం మొదలుపెట్టాను. పెంటిక బద్దలుగా చీలదండీ, అయినా ఆ గడి లేకపోతే నాకు పుస్తకం పుస్తకంలా అనిపించలేదు.

మా అత్త గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"ఏటే ఆ లెక్కలు? ఆడికేటీ కాదు, ఊరుకో."

"నీకేటి తెల్సు అత్తా? డాక్టరమ్మ సెప్పినాది. సిన్నయైపోతే డేంజరు."

"డేంజరు నేదు, గింజరు నేదు. ఆడు శుభ్రంగా తింతన్నాడు."

"తింటే పెద్దయి ఎందుకు రావడం నేదు?"

మా అత్త ఆ మాట విననట్టు కొంగు దోపుకుంది. చెంబు పట్టుకుని పెరట్లోకి, తన ఆనప పాదు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ మాట మధ్యలో వదిలేసి పోవడం మా ఇంట్లో గ్రహణంలా ఎప్పుడో గానీ జరగదు. నేను పట్టించుకోలేదు. గెలిచాననుకున్నాను.

ఆ సాయంత్రం హాసిని ఫోన్ చేసింది.

"అమ్మా, గుండుగాడు ఎలాగున్నాడు?"

పళ్ళెం నా ఎదురుగానే ఉంది. నూక కనబడుతూనే ఉంది. ఆ పిల్ల అన్నం మానేసి గోడకి ఆనుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. నోటికి నిజం రాలేదు.

"బెమ్మాండంగా ఉన్నాడే! పెద్దయి, గుండ్రంగా, గోలీల్లాగ ఏస్తన్నాడు."

"నాన్నమ్మ బావుందా?"

"నాన్నమ్మకేటి, రాయిలాగుంది" అని పెట్టేశాను.

మర్నాడు సోమవారం. ఇంకా ఘోరం. ఆ మధ్యరకం నాలుగు కూడా లేవు. గడ్డి మార్చాను, నీళ్ళు మార్చాను, పంజరం చల్లటి చోటికి మార్చాను. పాపం గుండుగాడు నాకేసి బిత్తరచూపులు చూస్తూ మూలకి జరిగాడు. "మూలకి జరుగుతున్నాడు" అని అది కూడా పుస్తకంలో ఎక్కించాను. కుందేలు పొట్ట మీద చెవి పెట్టి వినడానికి ఇంట్లో ఉన్నంతసేపూ గంటకోసారి వెళ్తుంటే అది మూలకి జరగక నా ఒళ్ళోకి వస్తుందా! అప్పుడా బుద్ధి లేదు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ముందు ఫోటో పంపమ్మా, చూస్తాను" అంది. తెల్లటి గుడ్డ పరిచాను. దాని మీద మూడు వరసలు పేర్చాను. సైజు తెలియడానికి పక్కన స్కేలు పెట్టాను. ఫ్యాక్టరీలో పప్పు శాంపిలుకి ఎలా తీస్తామో అచ్చం అలాగే, నీడ పడకుండా ఫోటో తీసి పంపించాను.

పంపిన రెండు నిమిషాలకి జవాబొచ్చింది. "ఈ లాటు ఎవులిది?"

డాక్టరమ్మ లాటు అంటుందేమిటి అనుకునేలోపే ఇంకోటి. "ఇంతలాగ మాడిపోనాదేటి? డ్రయరు దగ్గిర ఎవులున్నారు?"

అప్పుడు పైన పేరు చూశాను. డాక్టరమ్మకి కాదు, మా ఫ్యాక్టరీ గ్రేడింగు సెక్షన్ గ్రూపుకి వెళ్ళింది. రోజూ శాంపిలు ఫోటోలు పెట్టే గ్రూపు. వేలికి అలవాటైన చోటికి వేలు వెళ్ళిపోయింది. యాభై మంది ఆడవాళ్ళు, ఇద్దరు సూపర్వైజర్లు, మా ఓనరు.

నా పక్క బల్ల పార్వతి రాసింది. "మాడితే మాడినాది గానీ సైజు ఒకేలాగున్నాది. పొట్టు తీస్తే ఏటైనా అవుతాది సార్."

సూపర్వైజరు: "ఓనరుగారు అడుగుతన్నారు. రవణా, ఏ గోనెలోది ఇది?"

ఇక దాచి లాభం లేదు. "సార్, అది పప్పు కాదు. మా ఇంట్లోది."

"ఇంట్లో ఏయించినావా?"

"కాదు సార్. మా కుందేలుది."

"కుందేలుది అంటే?"

"పెంటిక సార్."

చివరికి ఓనరుగారు ఒక్క మాట రాశారు. "తీసెయ్యమ్మా." అప్పటికే డ్రయరు దగ్గరుండే అప్పన్నని పిలిచి, పని చూసుకోవడం చేతకాదా అని చెడామడా తిట్టేశారని తర్వాత తెలిసింది. అప్పన్న నాతో మూడు నెలలు మాట్లాడలేదు. నేనైనా మాట్లాడేదాన్ని కాదు.

సిగ్గుని మింగేసి ఈసారి పేరు రెండుసార్లు చదువుకుని డాక్టరమ్మకి పంపాను. ఆవిడ చూసి ఫోన్ చేసింది. "ఇవి మరీ చిన్నవి. రోజంతటికీ వచ్చినవి ఇవేనా?"

"ఇవేనమ్మా."

"అయితే తేలిగ్గా తీసుకోవద్దు. రేపొద్దుట కూడా ఇలాగే ఉంటే వెంటనే తీసుకొచ్చెయ్."

రేపొద్దుట అంటే మంగళవారం. హాసిని తిరిగొచ్చేది బుధవారం. ఒక్క రోజు తేడా ఉంది కదా అని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. మంగళవారం పొద్దున ట్రేలో పన్నెండు ఉన్నాయి. పన్నెండూ నూకే. కానీ గుండుగాడు గడ్డి నములుతూనే ఉన్నాడు, అందుకని ఇంకొక్క పూట చూద్దాం, ఇంకొక్క పూట చూద్దాం అని సాయంత్రం చేశాను. మల్లి విషయంలో చేసిన తప్పే మళ్ళీ చేస్తున్నానని నాకు తెలుసు. తెలిసినా, ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ ఏం చెబుతారోనని భయం.

బుధవారం పొద్దున ట్రే లాగాను. తొమ్మిది. ఆవగింజకి అన్నలు, మిరియానికి తమ్ముళ్ళు. ఆ తొమ్మిదీ పుస్తకంలో ఎక్కించాను.

అప్పుడే అక్క ఫోన్. "ఒసే, పిల్ల ఆగడం నేదు. పొద్దున్న బస్సుకే ఎక్కిపోయినాం. పదకొండుకల్లా దిగిపోతాం."

"పదకొండుకా?"

"ఏటే ఆ గొంతు? ఏటైనాది?"

"ఏటీ నేదు, రండి" అని పెట్టేసి "బావా, ఆటో తియ్!" అని అరిచాను.

గుండుగాడిని పండ్ల బుట్టలో గుడ్డ పరిచి పెట్టాను. సోమవారం నుంచి మూడు రోజుల నమూనాలూ ఫ్యాక్టరీ శాంపిలు కవర్లలో కట్టి, తేదీలు రాసి, నోటు పుస్తకంతో సహా సంచిలో వేసుకున్నాను. పనికి సెలవు పెట్టడం కూడా మర్చిపోయాను. ఆటో కదలబోతుండగా మా అత్త మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి ఎక్కేసింది.

"నువ్వెందుకత్తా?"

"నానూ వస్తాను" అంది. మొహం పాలిపోయి ఉంది. ఆవిడ మొహం అలా చూడడం నాకు మామూలు కాదు. సరే, మనవరాలి కుందేలు మీద ముసలిదానికీ ప్రేముంది అనుకున్నాను.

కొంచెం దూరం వెళ్ళాక నా మోచెయ్యి గీకింది. "ఒసే రవణా, ఒక మాట."

"ఇప్పుడు కాదత్తా! బావా, ఆ గొయ్యిలో దించకు, బిడ్డకి కుదుపు!"

రైలు గేటు పడింది. గూడ్సు. అది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగుస్తుందో కనబడదు. బుట్టలో చెయ్యి పెట్టి గుండుగాడి వీపు రాస్తూ కూర్చున్నాను. వాడి గుండె నా వేళ్ళకి తగులుతోంది, టపటపా కొట్టుకుంటోంది. అప్పటికే పదిన్నర. పదకొండుకి పిల్ల బస్సు దిగుతుంది, నేరుగా పంజరం దగ్గరికి పరుగెడుతుంది. పంజరం ఖాళీ. ఏం చెప్పను? మళ్ళీ ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంటే నేనేం చెయ్యను?

"రవణా, మరేటంటే..." అని అత్త మళ్ళీ.

"అత్తా, నీకు దణ్ణం పెడతాను. ఆడు బతికినాక సెప్పు."

"అంత పెమాదమా?" అంది సన్నగా.

"పెద్దయి ఒక్కటి నేదత్తా నాలుగు రోజుల్నించి! ఒక్కటి!"

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆసుపత్రి వరండాలో రెండు గేదెలు, ఒక మేక, వాటి తాలూకు మనుషులు. నేను వరస చూడలేదు. "అర్జెంటు, అర్జెంటు" అంటూ దూసుకుపోయాను. మేక తాలూకు ముసలాయన "మాదీ అర్జెంటేనమ్మా" అంటున్నా వినలేదు. ఆ ముసలాయనకి ఇప్పుడైనా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

డాక్టరమ్మ గుండుగాడిని బల్ల మీద పెట్టించింది. చెవులు చూసింది, పళ్ళు చూసింది, జ్వరం చూసింది. గొట్టం పెట్టి పొట్ట చప్పుడు వింది.

"పొట్ట బాగానే పలుకుతోందే" అంది అనుమానంగా.

నేను సంచిలోంచి కవర్లు ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చాను, పక్కన పుస్తకం తెరిచి పెట్టాను. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఇదేంటమ్మా, గుండు సున్నా, బద్ద సున్నా?"

"అదంతే మేడం, మా ఫ్యాక్టరీ లెక్క."

ఆవిడ కవరు విప్పి చూసింది. నవ్వు పోయింది. "మూడు రోజులుగా ఇవి తప్ప ఇంకేమీ వేయలేదా? ఖచ్చితంగా చెప్తున్నావా?"

"మా పిల్ల మీద ఒట్టు మేడం. ట్రేలో ఉన్నయి ఉన్నట్టు ఏరినాను."

"అయితే పొట్ట చప్పుడు చూసి మోసపోకూడదు. ఎక్స్‌రే తీయాలి. ఆ సదుపాయం ఇక్కడ లేదు. విశాఖపట్నం తీసుకెళ్ళండి. ఇప్పుడే బయల్దేరితే మంచిది."

విశాఖపట్నం! మా బావ ఆటో తాళం పట్టుకుని "రైలుకెల్దామా, కారు మాట్లాడీనా?" అంటూ తిరుగుతున్నాడు. నేను గుండుగాడిని ఎత్తుకోబోయాను. కొత్త చోటు, గేదెల అరుపులు, చల్లటి బల్ల, నలుగురు మనుషులు. వాడు బెదిరిపోయి వెనక కాళ్ళ మీద ముడుచుకున్నాడు.

టపటపా, టపటపా.

బల్ల మీద రాలాయి. గుండ్రంగా, నున్నగా, ఒకే సైజులో, పెద్దవి. నా జన్మలో అంత మంచి లాటు చూడలేదు. ఇరవై పైనే ఉంటాయి. డాక్టరమ్మ, నేను, మా బావ ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా నా వెనకనించి ఒక ముడతల చెయ్యి ముందుకొచ్చింది. మెరుపులా ఏరింది. పెద్దవన్నీ గుప్పెట్లోకి, గుప్పెటలోంచి కొంగులోకి. చిన్నవి మూడు మాత్రం బల్ల మీద వదిలేసింది. కొంగు ముడి కూడా వేసేసింది.

ముడి వేశాక ఆవిడకి తెలిసింది తానేం చేసిందో.

"అత్తా, ఏటది?"

"ఏటీ నేదు."

"కొంగులో ఏటి?"

మా అత్త కొంగుని నడుం వెనక్కి లాక్కుంది.

"అమ్మా, కొంగిప్పు" అన్నాడు మా బావ.

మా అత్త డాక్టరమ్మకేసి చూసింది, గుండుగాడికేసి చూసింది. తర్వాత మెల్లగా అంది. "ఆనప పాదుకి ఎంత బలమో తెల్సా? ఈ ఏడు సూడు, పిందె మీద పిందె."

"రోజూ ఏరినావా?"

"నువ్వు లెగక ముందొకసారి, నువ్వటు తిరిగినాక ఇంకోసారి. నువ్వు సూస్తే వీధి వీధంతా సెప్తావు కదా, అప్పలనర్సమ్మ పెంటెత్తినాదని."

"మరి సిన్నయి ఎందుకొగ్గీసినావు? అన్నీ ఎత్తీసుంటే అప్పుడే అనుమానం వచ్చును కదా!"

మా అత్త నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పని రానిదాన్ని చూసినట్టు చూసింది.

"నూక నాకెందుకే? ముప్పై ఏళ్ళు గుండ్లేరిన సెయ్యి ఇది. నూక ఎలాగ ఏరుతాది?"

డాక్టరమ్మ కుర్చీలో కూలబడి నవ్వింది. కాంపౌండరు గోడకి తల ఆనించి నవ్వాడు. కిటికీలోంచి చూస్తున్న మేక ముసలాయన అయితే మేకని వదిలేసి మరీ నవ్వాడు. నాలుగు రోజులు ఒక కుందేలు పొట్టని అనుమానించాను, ఒక జంతిక ముక్కని అనుమానించాను, కట్టుకున్నవాడిని అనుమానించాను. నాకంటే ముందు ఇంకొక గ్రేడింగు కన్ను ఆ ట్రే మీద పడి మంచి సరుకు తీసేసుకుని ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు. నాకు నవ్వు రాలేదు. గుండుగాడిని గుండెకి అదుముకుని అక్కడే, ఆ బల్ల దగ్గరే, బావురుమని ఏడ్చేశాను. వాడు బాగున్నాడు. అంతే, ఆ ఒక్క మాట కోసం ఏడ్చాను.

సరిగ్గా ఆ క్షణంలోనే గుమ్మంలో హాసిని కనబడింది. బస్సు దిగి ఇంటికెళ్తే తాళం ఉందట, పక్కింటివాళ్ళు "గుండుగాడిని ఆసుపత్రికి ఎత్తుకుపోయినారు" అన్నారట. మా అక్క వెనకే రొప్పుతూ వస్తోంది. నేను కుందేలుని పట్టుకుని ఏడవడం పిల్ల చూసింది. భుజం మీది సంచి కింద పడిపోయింది.

"సచ్చిపోనాడా అమ్మా?"

"నేదే, నేదే! బతికే ఉన్నాడు! బాగున్నాడు! సూడు, సెవులు సూడు!"

వాడిని దాని చేతుల్లో పెట్టాను. అది వాడి ముక్కుకి తన ముక్కు ఆనించి, వాడు ముక్కు ఎగరేస్తే అప్పుడు నమ్మింది. కళ్ళు తుడుచుకుని "మరి ఎందుకు తెచ్చినారు?" అంది. నేను మొదటినించీ చెప్పాను. ఏడో రోజు, పళ్ళెం, పుస్తకం, పెద్దవి రాకపోవడం. పిల్ల అంతా విని, మా అత్తకేసి తిరిగి, మళ్ళీ నాకేసి తిరిగింది.

"అదేటమ్మా! పెద్దయి నాన్నమ్మవి కదా! మొదట్నించీ నానే ఏరి ఇస్తన్నాను. ఎవులికీ సెప్పొద్దని నాన్నమ్మ ఒట్టేయించుకున్నాది. నాను రోజూ ఫోన్ సేసి ఎలాగున్నాడని అడిగినప్పుడు, పెద్దయి రావడం నేదని ఒక్క మాట అంటే సెప్పేసేదాన్ని కదా? నువ్వేమో గోలీల్లాగ ఏస్తన్నాడన్నావు!"

డాక్టరమ్మ నవ్వు ఆపేసింది. నేను నేలకేసి చూశాను. తొమ్మిదేళ్ళ పిల్లకి నిజం చెబితే తట్టుకోలేదని దాచాను. ఆ నిజం గుట్టు మొత్తం ఆ పిల్ల దగ్గరే ఉంది. ఒక్క ఫోన్ మాటలో తేలిపోయేదాన్ని నాలుగు రోజులు, మూడు కవర్లు, ఒక నోటు పుస్తకం దాకా లాగాను.

అందుకని, అయ్యలారా, అమ్మలారా, ఆ పశువుల ఆసుపత్రిలో, వరండాలోని రెండు గేదెలూ ఒక మేకా సాక్షిగా, నేను తల పైకెత్తి ప్రతిజ్ఞ చేశాను. ఇక ముందు మా ఇంట్లో ఏ ప్రాణికి ఏ ఆపద వచ్చినా, అది మంచిదైనా చెడ్డదైనా, నా కూతురికి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. గోలీలని, బ్రహ్మాండమని కోయను. ఇది ఒట్టు, తప్పితే నా చేతికి గ్రేడింగు బల్ల దొరక్కుండా పోవాలి. అంత గంభీరంగా అంటూ, ఒట్టు వేయడానికి కుడిచెయ్యి పిల్ల నెత్తి మీదికి చాపాను.

మా అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపేసింది.

"ముందల ఆ సెయ్యి కడుక్కురాయే!"